కారు కప్పుకు కట్టిన చీర

యాకూబ్ చాచా షెడ్డులో అడుగు పెట్టగానే ముందు కొబ్బరి పీచు వాసన వచ్చింది. పాత సీట్ల కడుపులోంచి లాగి, ఎండలో దులిపి, మళ్లీ కూరడానికి కుప్ప పోసిన పీచు అది. దాని మీద రెక్సిన్ అంటించే గమ్ము ఘాటు, దాని వెనక లీలగా పెట్రోలు, ఇంకాస్త ముక్కు ఎగబీలిస్తే పసుపు. అవును, పసుపే. మా బాపు అంబాసిడర్ కారు వెనక సీటు తొడుగు విప్పినప్పుడు దాని అడుగు మడతల్లో గుప్పెడు పసుపు దొరికింది. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయొచ్చిన వాళ్ల నుదుళ్ల మీంచి, కొంగుల్లోంచి, పొట్లాల్లోంచి రాలిన బండారి పసుపు ముప్పై ఏళ్లకు పైగా అక్కడే పేరుకుపోయింది. చాచా దాన్ని ఊడ్చి పారెయ్యకుండా కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "మీ బాపు దాసిపెట్టిన ఆస్తి గిదే టీచరమ్మా," అన్నాడు.

నేను సిద్దిపేటలోనే బడిలో లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని. బాపు పోయి ఆరేళ్లయింది. ఆయన కారు అంతకు చాలా ముందు నుంచే మా ఇంటి వెనక రేకుల కింద నిలబడి, కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎవరికీ పనికిరాకుండా ఉండేది. ఈ ఎండాకాలం సెలవుల్లో దాన్ని బాగు చేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. తుప్పు కోయించి, ఇంజను బాగు చేయించి, రంగు వేయించి, చాచా షెడ్డుకు తోయించాను. బయట చూస్తే పెళ్లికొడుకు, లోపల చూస్తే ఖాళీ నూనె డబ్బా. రంగుకు ముందు విప్పిన దాని లోపలి సామానంతా పదకొండు గోనె సంచుల్లో మా వరండాలో ఉండేది. వాటిని ఎక్కడివక్కడ తిరిగి బిగించడమే చాచా పని. ఆ పనికి ఒక వరుస ఉందట. ముందు కప్పు గుడ్డ, దాని తర్వాత అద్దాలు, ఆ తర్వాత తలుపుల అట్టలు, చివరికి సీట్లు. "ఇల్లు కింది నుంచి కడ్తరు బిడ్డా. కారు పై నుంచి కట్టాలె," అని నాకు పాఠం చెప్పాడు.

ఆ పై నుంచి అన్న దగ్గరే మా ఇంట్లో పాత గొడవ ఉంది. కారు బాగు చేయిస్తానని చెప్పిన రోజే నన్ను కన్న మా అవ్వ నాకు ఒక షరతు పెట్టింది. "బండిని నువ్వేమన్న చేస్కో. పైన నా చీర ముక్క ఉన్నది, గది ఇప్పి నాకియ్యి. తక్కిన ముక్క ఏమైందో మీ హుస్నాబాద్ అత్తనడుగు."

ఈ మాట నేను ఆరేళ్ల వయసు నుంచి వింటున్నాను.

మాది మగ్గాల ఇల్లు. బాపు మాత్రం మగ్గం దిగి స్టీరింగు పట్టుకున్నాడు. కారును కిరాయికి తిప్పేవాడు. ముందు సీటు ఒకటే పొడుగు బల్ల, గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందర నలుగురు, వెనక అయిదుగురు, వాళ్ల ఒళ్లలో ఇంకెందరు పడితే అందరు కూర్చునేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రెక్సిన్ సీటు పెనంలా కాలేది. గౌను వేసుకున్న నేను తొడల కింద రెండు చేతులూ పెట్టుకుని, అటు చేతులు కాలి ఇటు తొడలు కాలి, కొంగజపం చేస్తున్నదానిలా ఒంటి పిర్ర మీద కూర్చునేదాన్ని. వానాకాలం వస్తే ఇంకో తమాషా. తలుపు అద్దం తిప్పే పిడులు నాలుగింట్లో మూడు ఎప్పుడో ఊడి ఎక్కడో పడిపోయాయి. మిగిలిన ఒక్క పిడి నాలుగు తలుపులకూ తిరిగేది. చినుకు పడగానే "పిడి, పిడి" అని కారంతా కేకలు. ముందున్నవాళ్లు తమ అద్దం ఎక్కించుకుని వెనక్కి ఇచ్చేలోపు వెనకవాళ్లు తలంటు పోసుకున్నట్టు తడిసేవాళ్లు. బతుకమ్మ రోజుల్లో బాపు మమ్మల్ని బెజ్జంకి దాకా తీసుకుపోయి, చెలకల గట్ల మీద తంగేడు, గునుగు తెంపించి డిక్కీ నిండా కుక్కేవాడు. డిక్కీ చాలక సీట్ల మీదా పూలే. పూల మీద మేము, మా మీద చీమలు, ఒళ్లో అవ్వ రొట్టె, బెల్లం కలిపి కట్టిచ్చిన మలీద ముద్దలు. ఇంటికి వచ్చేసరికి చీమలకు మలీద, మాకు దద్దుర్లు మిగిలేవి.

నాకు ఆరేళ్లప్పుడు తమ్ముడి కాన్పుకు అవ్వ బెజ్జంకిలో పుట్టింటికి పోయింది. బడి పోతుందని నన్ను బాపు దగ్గర వదిలింది. అప్పటికే కారు కప్పు గుడ్డ చివికిపోయి, కూర్చున్నవాళ్ల నెత్తుల మీదికి వేలాడుతోంది. మల్లన్న జాతర ముంచుకొస్తోంది. ఊళ్లో కారు కప్పులు కుట్టేది ఒక్క యాకూబ్ చాచాయే. ఆయనేమో చెల్లెలి పెళ్లని నెల రోజులు ఊరు విడిచిపోయాడు. బాపు రెండు రోజులు గడ్డం గోక్కున్నాడు. మూడో రోజు అవ్వ పెట్టె తెరిచాడు.

అందులో అడుగున ఒక గొల్లభామ చీర ఉండేది. అవ్వ పెళ్లికి అవ్వ తండ్రి తన చేత్తో నేసి పెట్టిన చీర. వంకాయ రంగు, పసుపు అంచు, ఒళ్లంతా నెత్తిన చల్లకుండ, చేతిలో గురిగి ముంత పట్టుకుని నిలబడ్డ చిన్న చిన్న గొల్లభామలు, కొంగు మీద మాత్రం జానెడేసి పెద్దవి. అవ్వ దాన్ని ఏడాదికి ఒక్కసారి సద్దుల బతుకమ్మ నాడు కట్టి, మర్నాడే మడత పెట్టేది. మిల్లు గుడ్డ సాగుతుంది, మగ్గం గుడ్డ సాగదని బాపు నమ్మకం. నాలుగు రోజులు కారులో వెల్లకిలా పడుకుని, నోట్లో సూదులు పెట్టుకుని, మగ్గం మీద పడుగు బిగించినట్టు ఆ చీరను కప్పుకు బిగించాడు. నేను బడి నుంచి వచ్చి సంచి పారేసి, కాసేపు తలుపులోంచి చూసి ఆటకు పోయేదాన్ని.

అయిదో రోజు అవ్వను, పసివాణ్ని తీసుకురావడానికి పోయాం. బాపు దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు. అవ్వ పసివాడితో వెనక సీట్లో కూర్చుంది. ఊరు దాటేదాకా వాడి మొహమే చూసుకుంటూ ఉండి, తర్వాత మెడ నొప్పి పుట్టిందేమో తల ఎత్తింది.

"బండి ఆపు."

"ఏమైంది? పోరడు ఏడుస్తుండా?"

"ఆపమన్ననా లేదా?"

బాపు ఆపి, మెచ్చుకోలు అందుకునే మొహంతో వెనక్కి తిరిగాడు. "ఎట్లున్నదే? నీ చీరనే. పెట్టెల ఉంటె చెదలు పడ్తది. గీడుంటె నలుగురు సూస్తరు."

"నలుగురు సూడనీకె నేను కట్టుకుంట గదా! కోసినవా?"

"కత్తెర ముట్టలే. ఒట్టు."

"దేని మీద ఒట్టు?"

బాపు ఒక్క క్షణం ఆలోచించాడు. "బండి మీద ఒట్టు."

ఆయన లోకంలో అంతకన్నా పెద్ద ఒట్టు లేదు. అవ్వకు మాత్రం అది నేరం ఒప్పుకున్నట్టు వినిపించింది. "నా చీర ఆరు గజాలు. గిది రెండు గజాలకు మించదు. కొంగేది?" అని అడిగింది. యాడికీ పోలేదన్నాడు బాపు. అయితే విప్పి చూపించమంది. ఇప్పుడు విప్పితే మళ్లీ ఆ బిగువు రాదని, నమ్మితే నమ్ము, లేకుంటే లేదని ఆయన బండి తోలాడు. సిద్దిపేట వచ్చేదాకా ఇద్దరి మధ్యా తమ్ముడొక్కడే మాట్లాడాడు, అదీ ఏడుపు.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను సాక్షిగా గడప మీద కూర్చోబెట్టింది. బాపు కత్తెర పట్టుకున్నాడా అని అడిగింది. పట్టుకున్నాడన్నాను. నేను చూశాను మరి. కోశాడా అని అడిగింది. కరకరా కోశాడన్నాను. ఆ చప్పుడు కూడా నాకు గుర్తుంది. నీళ్లు తాగుతున్న బాపు చెంబు దించి నా వైపు చూశాడు. నా నెత్తి మీద చెయ్యి వేసి బయటికి పోయాడు. ఆ రోజు తర్వాత ఆ చీర గురించి ఆయన నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

మరి కొంగు ఏమైనట్టు? దానికి జవాబు ఆ నెలలోనే అవ్వకు దొరికింది. బాపు చెల్లెలు సుగుణత్తను హుస్నాబాద్ ఇచ్చారు. ఆమె బిడ్డను తొట్టెలో వేసే వేడుకకు పోతే, ఆ తొట్టెకు కట్టిన గుడ్డ వంకాయ రంగుది. ఇంకేముంది. తన కొంగు ఆడబిడ్డ కూతురికి తొట్టె గుడ్డయిందని అవ్వకు రూఢి అయిపోయింది. సుగుణత్త ఏడ్చింది, తన పాత లంగా అని చెప్పింది, పిల్ల మీద ఒట్టు పెట్టింది. అవ్వ నమ్మలేదు. పోట్లాట పెట్టుకోలేదు గానీ, ఆ తర్వాత ఎప్పుడు హుస్నాబాద్ పోయినా అత్త ఇచ్చిన చాయ్ సరిగ్గా సగం తాగి సగం కప్పులో వదిలేసేది. చావులకు, పెళ్లిళ్లకు, దావత్‌లకు, అన్నిటికీ సగం కప్పే. ఊళ్లో కనిపించినవాళ్లకల్లా మాత్రం ఈ కథ మొత్తం చెప్పేది.

పోయిన కొంగు ఎట్లాగూ పోయింది, ఉన్న ముక్కనైనా కాపాడుకోవాలని అవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. జాతర కిరాయిలకు కారుతో పాటు తానూ పోవడం మొదలుపెట్టింది. ఎవరైనా కారు కిరాయికి బాపును మాట్లాడుకుంటే ఒళ్లో తమ్ముడితో అవ్వ, అవ్వ పక్కన నేను ఉచితంగా వచ్చేవాళ్లం. అవ్వ చట్టం ప్రకారం తలకు నూనె పెట్టుకున్నవాళ్లు వెనక్కి వాలకూడదు. బీడీలు బయట. పొడుగు మనుషులు తలకు చుట్టిన రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకోవాలి. ఒకసారి ఒక పెద్దమనిషి భార్య వేపాకులు గుచ్చిన బోనం కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గా ఆకులు జర వంచుర్రి. నా చీరకు తాకుతున్నయి," అంది అవ్వ.

"గిది కారు కప్పు గాదా?" అందామె.

"కారు ఆయినది. కప్పు నాది."

కొమురవెల్లి చేరాక అందరితో పాటు మేమూ దర్శనానికి పోయేవాళ్లం. ఆ జాతరకు అవ్వ మల్లన్నను చూసినన్ని సార్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవ్వరూ చూసి ఉండరు. బాపు మొహాన పసుపు, అవ్వ మొహాన కోపం, రెండూ ఉగాది దాకా దిగేవి కావు.

నాకైతే ఆ కప్పు అంటే ప్రాణం. వెనక సీట్లో వెల్లకిలా పడుకుంటే పైన గొల్లభామలంతా కుడి తలుపు వైపు తలలు, ఎడమ తలుపు వైపు కాళ్లు పెట్టి అడ్డంగా నడిచేవాళ్లు. నేను వాళ్లను లెక్కపెట్టేదాన్ని. గతుకు వచ్చినప్పుడల్లా లెక్క తప్పేది, మళ్లీ మొదటి నుంచి మొదలు. అన్నిటికన్నా వింత, కారు లోపలి లైటు. బాపు దానికి రంధ్రం పెట్టడం మరిచిపోయాడని అందరూ నవ్వేవాళ్లు. లైటు చీర వెనకే ఉండిపోయింది. పొద్దుగూకే వేళ మీట వేస్తే వెలుతురు కిందికి రాదు, సరిగ్గా మధ్యనున్న ఒక గొల్లభామ కుండ మాత్రం లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలిగేది. ఆమె చల్లకు బదులు దీపాలు అమ్ముతుందని తమ్ముడికి చెప్పాను. వాడు చాలా ఏళ్లు నమ్మాడు.

ఇప్పుడు చాచా షెడ్డులో ఆ కప్పు గుడ్డను సంచిలోంచి తీశాం. ఇనుప కడ్డీలతో సహా చాపలా చుట్టి ఉంది. చాచా దాన్ని నేల మీద పరిచి, కొత్త గుడ్డకు కొలత తీసుకోవడానికి అంచు దగ్గర టాకాలు విప్పడం మొదలుపెట్టాడు. పైకి కనిపించే పక్క ఎండకు, పొగకు వెలిసి ఉల్లిపొట్టు రంగుకు వచ్చింది. దీపాలమ్మే గొల్లభామ మాత్రం ఇంకా మధ్యలోనే ఉంది. నాలుగు టాకాలు విప్పగానే చాచా చెయ్యి ఆగింది.

"గిది ఒక పొర గాదు బిడ్డా."

రెండో పొర విప్పాం. మూడో పొర విప్పాం. చీర షెడ్డు మధ్య నుంచి తలుపు దాకా పరుచుకుంది. చివర కొంగు మీద జానెడేసి గొల్లభామలు, నిన్న మగ్గం మీంచి దింపినట్టు వంకాయ రంగు నిగనిగలాడుతూ, కుండలు దించకుండా నిలబడి ఉన్నారు. అంచు అంచంతా వేళ్లతో తడుముతూ పోయాను. సూది పోట్లు ఉన్నాయి, కత్తెర గాటు ఒక్కటీ లేదు. కడ్డీలు దూర్చడానికి వెనక కుట్టిన గుడ్డ పట్టీలు వేరే ఉన్నాయి. వాటికి బాపు పంచె ఎర్రంచు కనిపించింది. నేను విన్న కరకర చప్పుడు ఆ పంచెది.

ఆరు గజాలు మూడు మడతలు వేస్తే పొరకు రెండు గజాలు. కారు కప్పు పొడుగు సరిగ్గా అంతే. పైగా లైటు కోసం చిన్న రంధ్రం పెట్టడానికి మనసొప్పనివాడు చీరను రెండు ముక్కలు చేస్తాడా? ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పే నేను, నెత్తి మీదే ఉన్న ఈ లెక్క ఇన్నేళ్లూ చెయ్యలేదు. నాకు సిగ్గు వేసింది, చాలా ఏడుపు వచ్చింది. బాపు ఆ రోజు చెంబు దించి ఎందుకు ఊరుకున్నాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆయన మాట నిజమైతే ఆరేళ్ల నా మాట అబద్ధమవుతుంది. చాచా నా వైపు చూడకుండా పీచు దులుపుతూ, "నేను గా పెండ్లికి పోకుంటె గీ లొల్లే ఉండకపోవు," అని తన తప్పుగా చెప్పుకున్నాడు.

చీర ఇంటికి తెచ్చి అవ్వ ముందు పరిచాను. పంచె పట్టీలు కూడా పక్కన పెట్టి, సాక్ష్యం వెనక్కి తీసుకున్నాను. అవ్వ అద్దాలు పెట్టుకుని, చీర ఈ చివర నుంచి ఆ చివరకు మోకాళ్ల మీద పాకింది. వెలిసిన పొర దగ్గర చాలాసేపు ఆగింది.

"గిది లోపలి చెరగు," అంది. "కట్టుకుంటె ఎవ్వలకు కనవడది. గిదాన్ని ఎండకు పెట్టి, కొంగు లోపల దాసిండు."

ఆ పూటే కుంకుడుకాయ రసంలో తానే పిండి, నీడన ఆరేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "హుస్నాబాద్ పోవాలె. కారు ఎప్పుడైతది?" అని అడిగింది. ముందు ఫోను చేద్దామన్నాను. ఇంత మాట ఫోన్లో చెప్పేది కాదంది. బస్సుకు పోదామన్నాను. బస్సులో పోతే సుగుణ ఈ చీరను ఎట్లా నమ్ముతుందని నా మీద కేకలేసింది. దానిలో తర్కం నాకు ఇప్పటికీ తెలియదు గానీ, మర్నాటి నుంచి అవ్వ చాచా షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. ఏ మర ఏ తలుపుదో, ఏ అట్టకు ఏ మూల చిరుగుందో ఆమెకు కంఠతా వచ్చు. చాచా కప్పుకు తెల్ల గుడ్డ వేసి, లైటుకు గుండ్రంగా రంధ్రం కోశాడు. కత్తెర చప్పుడుకు అవ్వ కళ్లు మూసుకుంది. చాచా నాలుగు కొత్త పిడులు తెస్తే, "నాలుగెందుకు? ఒకటి సాలు," అని పేచీ పెట్టింది. పీచు కూరిన సీట్లు ఎక్కించిన రోజు అందరికన్నా ముందు తానే కూర్చుని, రెండుసార్లు ఎగిరి చూసి, "ఇంకింత గట్టిగుండె," అంది.

హుస్నాబాద్‌కు నేనే కారు తోలాను. ఆ రోజు అవ్వ ఆ చీరే కట్టుకుంది. వెలిసిన చెరగు లోపలికి పోయింది. కుచ్చిళ్లు, కొంగు మెరిసిపోతున్నాయి. సూది పోట్లు దగ్గరికి వస్తే తప్ప కనపడవు. సుగుణత్త వాకిట్లోకి వచ్చి, ముందు కారును, తర్వాత చీరను చూసి గుమ్మం పట్టుకుంది. అవ్వ దగ్గరికి పోయి, భుజం మీంచి కొంగు తీసి అత్త చేతుల్లో పెట్టింది. సాక్ష్యం చెప్పింది నేనేనని నేను నసిగాను. అత్త నా వీపు మీద ఒక్కటి చరిచి, కొంగు తిప్పి తిప్పి చూసింది.

"మూడు ఇండ్లు మారినం వదినె," అంది. "మారినప్పుడల్లా పెట్టెలన్ని దులిపి ఎత్కిన. నాకు తెల్వకుండ నా ఇంట్లనే ఉన్నదేమో అని."

అవ్వ గట్టిగా నవ్వబోయి ఏడ్చేసింది. అత్తా ఏడ్చింది. తర్వాత చాయ్ వచ్చింది. అవ్వ కప్పు అడుగు కనిపించేదాకా తాగి, కప్పును అత్త వైపు వంచి చూపించి, "ఇంకింత పొయ్యి," అంది.

తిరుగు దారిలో అవ్వ ఈ కథ ఇంకా ఎవరెవరికి చెప్పిందో వేళ్ల మీద లెక్కపెట్టింది. అందరి దగ్గరికీ పోయి మాట వెనక్కి తీసుకోవాలంది. బెజ్జంకి చిన్నమ్మ, ఆమె పోయింది. కొమురవెల్లిలో గాజులమ్మే రాజవ్వ, ఆమే పోయింది. పక్కింటి పోశవ్వ, ఎదురింటి పటేలు, పోయినవాళ్లకు ఒక్కో వేలు మడుస్తూ, మడిచిన వేళ్లు మిగిలిన వేళ్ల కంటే ఎక్కువయ్యాక లెక్క ఆపేసింది. కాసేపు స్టీరింగు వైపు, అంటే నా చేతుల వైపు చూసింది.

"తప్పు మీ బాపుదే," అంది. "ఒక్కసారి ఇప్పి సూపిస్తె ఏం పోయేది?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

పొద్దు గుంకుతోంది. లైటు మీట వేశాను. వెలుతురు తెల్లగా, సూటిగా కళ్లల్లో పడింది. అలవాటు కొద్దీ తలెత్తి చూస్తే పైన ఒక్క గొల్లభామా లేదు. అందరూ మా అవ్వ ఒంటి మీద, ముందు సీట్లో నా పక్కన కూర్చుని ఇంటికి వస్తున్నారు.